కుట్లు లేని రెటీనా శస్త్రచికిత్స: పరికరం సన్నబడితే మేలేనా?

ప్రశ్న:
మా అమ్మగారికి రెటీనా (కంటి వెనుక భాగంలో చూపునిచ్చే పొర) ఊడిపోవడంతో విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్‌ను కత్తిరించి తీసే శస్త్రచికిత్స, చేయాలని వైద్యులు నిర్ణయించారు. 25 గేజ్ పరికరాలతో, కుట్లు లేకుండానే చేస్తామన్నారు. కంటికి రంధ్రాలు పెట్టి కుట్టకుండా వదిలేయడం క్షేమమేనా?

మొదటి జవాబు:
గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ పరికరం సన్నబడుతుంది. 1970ల తొలినాళ్లలో కంటి వైద్యుడు రాబర్ట్ మాషెమర్ ఈ శస్త్రచికిత్సకు నాంది పలికినప్పుడు కత్తిరించడం, పీల్చడం, ద్రవం నింపడం అన్నీ ఒకే పరికరం చేసేది కనుక అది లావుగా ఉండేది. తరువాత ఆ పనులను మూడు రంధ్రాలకు పంచి, సుమారు 0.9 మిల్లీమీటర్ల 20 గేజ్‌కు వచ్చారు. 25 గేజ్ దాదాపు 0.5 మిల్లీమీటర్లే. పరికరాలు లోపలికి వెళ్లేందుకు పెట్టే సన్నని గొట్టాన్ని కంటి తెల్లపొరలోకి ఏటవాలుగా దించుతారు కాబట్టి, దాన్ని తీశాక కంటిలోని ఒత్తిడే ఆ దారిని మూసివేస్తుంది. ఎక్కడైనా కారుతున్నట్లు కనిపిస్తే అక్కడ ఒక కుట్టు వేస్తారు. అది వైఫల్యమేమీ కాదు.

రెండవ జవాబు:
నా దృష్టిలో సన్నదనం కన్నా కత్తిరింపు వేగమే పెద్ద మార్పు. పూర్వం నిమిషానికి కొన్ని వందల కోతలుండగా, నేటి యంత్రాలు వేల సంఖ్యలో కోస్తాయి. ఒక్కో కోతలో తెగే జెల్ అతి స్వల్పం కావడంతో, అసలే బలహీనంగా ఉన్న రెటీనాపై లాగుడు తగ్గుతుంది.

మూడవ జవాబు:
ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. శస్త్రచికిత్స చివర రెటీనాను అదిమి ఉంచడానికి కంటిలో వాయువు నింపితే, అది పూర్తిగా కరిగిందని వైద్యులు నిర్ధారించేవరకు అమ్మగారిని విమానం ఎక్కించవద్దు. ఎత్తుకు వెళ్లినకొద్దీ వాయువు వ్యాకోచించి కంటి ఒత్తిడిని ప్రమాదకరంగా పెంచుతుంది.