ఫాల్కన్ 20 సరుకుల విమానం తలుపు గురించి తెలిసినవారు చెప్పగలరా?

నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ, తీరిక వేళల్లో బాల్సా చెక్కతో విమాన నమూనాలు చేసే నేను, ప్రస్తుతం దసో ఫాల్కన్ 20 సరుకుల విమానాన్ని చేస్తున్నాను. 1963లో తొలిసారి ఎగిరిన ఈ ఫ్రెంచి బిజినెస్ జెట్‌కు కిటికీలు మూయించి, ఎడమవైపు ముందుభాగంలో పెద్ద తలుపు పెట్టించిన అమెరికా పార్శిల్ సంస్థ ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ (ఇప్పటి ఫెడెక్స్), 1973 ఏప్రిల్ 17న మెంఫిస్ కేంద్రంగా 14 విమానాలతో 25 నగరాలకు 186 పార్శిళ్లు చేరవేసింది. అందుకే ఈ విమానమంటే నాకు అంత ఇష్టం.

తలుపు పైకి తెరుచుకుంటుందని ఫొటోల్లో తెలుస్తోంది గానీ, కీలు పైకప్పు వంపులో సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో అర్థంకాక, చెక్క మీద పెన్సిల్ గీతను మూడుసార్లు చెరిపాను. అంత పెద్ద ఖాళీ కోసినా బలం తగ్గకుండా చుట్టూ ఫ్రేములను ఎలా అమర్చుతారో, విమానాల మరమ్మతులో అనుభవమున్నవారు దయచేసి వివరించగలరు.