మొదటి సెట్‌లోనే కార్బన్ ఫిన్స్ (ఈదడానికి కాళ్లకు తొడిగే రెక్కలు) కొనాలా? మీరేమంటారు?

హరి_వెస్ట్‌మీడ్

అందరికీ నమస్కారం. సిడ్నీలో ఉంటున్నాను. ఈ మధ్యే ఫ్రీడైవింగ్ (ఊపిరి బిగబట్టి లోతుకు దిగడం) మొదటి లెవెల్ కోర్సు పూర్తయింది. 10-12 మీటర్ల దాకా టెన్షన్ లేకుండా దిగి రాగలుగుతున్నాను. ఈ వేసవి నుంచి ఒడ్డు నుంచే దిగి స్పియర్‌ఫిషింగ్ (నీళ్లలో ఈటెతో చేపలు కొట్టడం) మొదలుపెడదామని ఉంది. ఇప్పటిదాకా అన్నీ అద్దె సామానే, ఇక సొంతవి కొనాలి. చేతిలో 1500 డాలర్లు ఉన్నాయి.

షాపులో అబ్బాయి "ఎలాగూ రెండేళ్లలో కార్బన్‌కే వస్తారు, రెండుసార్లు ఖర్చెందుకు, ఇప్పుడే తీసుకోండి" అంటున్నాడు. తీసుకుంటే దాదాపు సగం డబ్బు ఫిన్స్‌కే పోతుంది. సూటు, సీసం కట్టే బెల్టు, ఈటె వదిలే గన్ చౌకవాటితో సరిపెట్టుకోవాలి. అతను చెప్పేదాంట్లో నిజమెంత? దిగేవాళ్లు చెప్పండి.

రాళ్లఒడ్డు

హరి గారూ, నేనైతే వద్దంటాను. కార్బన్ మంచి సరుకే, కానీ మీరు దిగబోయే చోటు చూడండి. ఇక్కడ ఇసుక బీచ్‌లలో రెండు చివర్లా 20 మీటర్లు తప్ప స్పియర్‌ఫిషింగ్ నిషేధం. కాబట్టి ఒడ్డు నుంచి దిగడమంటే రాతి పలకల మీద నుంచి దిగడమే. అల తగ్గే సమయం చూసుకుని దూకుతాం. తిరిగి వచ్చేటప్పుడు అలే మనల్ని ఎత్తి పలక మీద వేస్తుంది. అప్పుడు ఫిన్ బ్లేడు (పొడుగాటి రెక్క భాగం) రాయికి తగలకుండా కాపాడుకోవడం ఎంత అనుభవం ఉన్నా ప్రతిసారీ కుదరదు.

ప్లాస్టిక్ బ్లేడైతే వంగి మళ్లీ నిలబడుతుంది, మహా అయితే గీత పడుతుంది. కార్బన్ అంచు దగ్గర పొరలు విడిపోతాయి. మొదట కంటికి కనబడదు, వేలితో అంచు తడిమితే గరుకుగా తగులుతుంది. పట్టించుకోకుండా వాడుతూ పోతే ఆ చీలిక లోపలికి పాకి, గట్టిగా తన్నిన రోజున బ్లేడు విరుగుతుంది. అది ఒడ్డుకు దూరంగా, అలల మధ్య ఉన్నప్పుడు జరిగితే పరిస్థితి ఆలోచించండి.

ఇంకో సంగతి. 10-12 మీటర్ల లోతులో చేప కోసం అడుగున కదలకుండా పడుకుని కాచుకుంటాం. అక్కడ బ్లేడు దేనితో చేశారన్నది పెద్ద తేడా తీసుకురాదు. ఫుట్ పాకెట్, అంటే పాదం దూర్చే భాగం, పాదానికి సరిగ్గా పట్టిందా లేదా అన్నదే తేడా. వదులైతే తన్నిన బలం పాకెట్‌లోనే పోతుంది, మడమ ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. బిగుతైతే అరగంటకే అరికాలు కొంకర్లు పోతుంది. నియోప్రీన్ (సూటు చేసే రబ్బరు) సాక్సు వేసుకునే షాపులో తొడిగి చూడండి, ఒట్టి పాదంతో కొలత చూడకండి.

1500లో నేనైతే ముందు మంచి ఓపెన్ సెల్ (లోపలి వైపు ఒంటికి అతుక్కునే) సూటు, రబ్బరు బెల్టు, ఫ్లోట్ (నీటిపైన తేలే బోయ), జెండా, కత్తి తీసుకుంటాను. ఫిన్స్ ప్లాస్టిక్‌వే, కానీ బ్లేడు మార్చుకునే వీలున్న ఫుట్ పాకెట్‌తో. గన్ చివర్లో.

కార్తీక్_బ్లూ

అన్నా, రాళ్ల గురించి మీరు చెప్పింది కాదనను. మిగతాది ఒప్పుకోలేను.

నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువగా తినేది తొడ కండరాలే. బరువైన, నెమ్మదిగా తిరిగి లేచే బ్లేడును రోజంతా తన్నితే ఆ ఖర్చు ప్రతి డైవ్‌లోనూ ఉంటుంది. స్పియర్‌ఫిషింగ్‌లో దిగే సమయం కన్నా పైన ఈదే సమయమే ఎక్కువ, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒడ్డు నుంచి అవతలి మలుపు దాకా ఈది, మళ్లీ ప్రవాహానికి ఎదురు రావాలి. తేలికైన బ్లేడు విలువ ఆ రెండో గంటలో తెలుస్తుంది. అలసిపోయిన కాళ్లతో పైకి రావడం సేఫ్టీకి సంబంధించిన విషయం, సోకు కాదు.

రాళ్ల దగ్గర నేను చేసేది ఇదీ. ఫిన్స్ కాళ్లకు వేసుకుని పలక మీద నడవను. చేతిలో పట్టుకుని దూకి నీళ్లలోనే తొడుక్కుంటాను. వచ్చేటప్పుడు ఇంకా లోతులో ఉండగానే విప్పేస్తాను. నా జత ఇప్పటికీ బాగానే ఉంది. అంచుకు రబ్బరు పట్టీ ఉన్న బ్లేడు తీసుకుంటే చిన్న దెబ్బలు అదే తీసుకుంటుంది.

రాళ్లఒడ్డు

కార్తీక్, అలల ఊపు ఉన్న రోజు లోతులోనే ఫిన్స్ విప్పేస్తే ఒడ్డుకు చేరడానికి కాళ్లలో బలం ఏది? ఒక చేతిలో గన్, ఇంకో చేతిలో ఫిన్స్ పట్టుకుని పలక ఎక్కమని కొత్తవాడికి నేను చెప్పను. చివరి అల దాకా ఫిన్స్ కాళ్లకే ఉండాలి. సామాను కాపాడుకోవడం కోసం ఒడ్డుకెక్కే పద్ధతి మార్చుకోవాల్సి వస్తే, ఆ సామాను ఆ చోటికి పనికిరానట్టే.

నీలవేణి_వైజాగ్

నేను స్పియర్‌ఫిషింగ్ చేయను, ఫ్రీడైవింగ్ మాత్రమే. ఉండేది విశాఖలో, నేర్చుకున్నది అండమాన్‌లో. ఇద్దరి మాటలూ చదివాను. మీరిద్దరూ దాటేసినది ఒకటుంది. హరి, మీరు బరువు సరిచూసుకునేదాకా ఏ ఫిన్స్ మంచివో మీకు తెలిసే అవకాశమే లేదు.

మా దగ్గర నీళ్లు వెచ్చన కాబట్టి పల్చటి సూటుతో, కొద్దిపాటి సీసంతో దిగుతాం. మీకు శీతాకాలం చివర్లో 16-17 డిగ్రీలకు పడిపోతుంది కదా, 5 మిల్లీమీటర్ల సూటు కావాలి. మందం పెరిగేకొద్దీ తేలే గుణం పెరుగుతుంది, దాన్ని అణచడానికి సీసం పెంచుతారు. చిక్కంతా అక్కడే. 10 మీటర్ల దగ్గర పీడనం పైనున్నదానికి రెట్టింపు. నియోప్రీన్‌లోని గాలి బుడగలు నలిగిపోయి సూటు పల్చబడుతుంది, తేల్చే బలం పోతుంది. సీసం మాత్రం అంతే ఉంటుంది. అద్దె సూటుకు పెట్టుకున్న సీసమే కొత్త మందపాటి సూటుకూ సరిపోతుందనుకోకండి.

నాకు నేర్పిన పరీక్ష ఇది. సూటు, బెల్టు అన్నీ వేసుకుని, పక్కన బడ్డీ (తోడుగా దిగే మనిషి) ఉండగా, కదలకుండా నిలువుగా ఉండి మామూలుగా ఊపిరి వదిలేయండి. అప్పుడు కూడా తల నీటిపైన తేలుతూ ఉండాలి. మునిగితే సీసం తీసేయండి. బ్లాకౌట్లు (స్పృహ తప్పడం) ఎక్కువగా పైకి వచ్చే చివరి మీటర్లలో, లేదా పైకి వచ్చిన వెంటనే జరుగుతాయి. పీడనం తగ్గుతున్నకొద్దీ ఊపిరితిత్తుల్లో మిగిలిన కాస్త ఆక్సిజన్ రక్తంలోకి చేరడం ఆగిపోతుంది. ఆ సమయంలో మిమ్మల్ని పైన తేల్చి ఉంచేదీ, కిందికి లాగేదీ బెల్టే. కార్బనైనా ప్లాస్టికైనా స్పృహ లేని కాళ్లు తన్నవు.

బెల్టు రబ్బరుదే తీసుకోండి. లోతుకు వెళ్లేకొద్దీ సూటు, పొట్ట రెండూ నలిగి నడుము సన్నబడుతుంది. నైలాన్ బెల్టు వదులై ఛాతీ వైపు జారుతుంది. రబ్బరు సాగి పట్టుకునే ఉంటుంది. బకిల్ ఒక్క చేత్తో, ఒక్క లాగుడుతో ఊడాలి. కళ్లు మూసుకుని, ఎడమ చేత్తో కూడా ప్రాక్టీస్ చేయండి.

హరి_వెస్ట్‌మీడ్

నీలవేణి గారూ, చాలా థాంక్స్. కోర్సులో బరువు వాళ్లే చూసి ఇచ్చారు, నేను దాని గురించి ఆలోచించనే లేదు. ఫైబర్‌గ్లాస్ మధ్యస్తంగా ఉంటుందని ఒకరు చెప్పారు, అదెలా? గన్‌కు రీల్ (తాడు చుట్టే చక్రం) పెట్టించాలా, ఫ్లోట్ లైన్ (గన్‌ను ఫ్లోట్‌కు కలిపే తాడు) సరిపోతుందా? సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

ఆక్లాండ్_శ్రీను

రీల్, ఫ్లోట్ లైన్ గొడవ మా దగ్గరా తెగదు. నా మాట: కొత్తవాళ్లకు ఫ్లోట్ లైనే. ఫ్లోట్ మీద జెండా ఉంటే పడవవాళ్లకు మీరు ఎక్కడున్నారో తెలుస్తుంది, బడ్డీకీ తెలుస్తుంది. పట్టిన చేపను ఒంటికి కాకుండా ఫ్లోట్‌కు తగిలిస్తే నెత్తుటి వాసన మీ నడుము దగ్గర ఉండదు. పెద్ద చేప లాగితే గన్ వదిలేసి పైకి రావచ్చు, లైన్ పట్టుకుని తర్వాత లాక్కోవచ్చు. నాచు అడవిలో లైన్ చిక్కుకుంటుందన్నది నిజమే, విసుగే. దానికే కత్తి. చేతికో బెల్టుకో, ఏ చేయైనా అందుకునే చోట పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో మాస్క్, సీసం, ఫ్లోట్, గన్ బ్యారెల్ కొనండి. సూటు మాత్రం వద్దు. పాత నియోప్రీన్ అప్పటికే నలిగి గట్టిపడి ఉంటుంది, వెచ్చదనం ఉండదు. గన్ రబ్బర్లు పాతవైతే కొన్న రోజే మార్చేయండి.

రాళ్లఒడ్డు

రబ్బర్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ మంది పాడు చేసుకునేది గన్‌నే.

బ్యాండ్, అంటే గన్ రబ్బరు, లాటెక్స్. దానికి ఎండ, వేడి, నూనె పడవు. పాడు చేసుకోవడానికి కారు డిక్కీ వేడి చాలు. బ్యాండును కాస్త సాగదీసి విష్‌బోన్ (ఈటెకు తగిలించే కొక్కెం) కట్టిన చోట చూడండి. సన్నటి అడ్డగీతలు కనబడితే దాని పని అయిపోయినట్టే. లోడ్ చేసేటప్పుడు తెగితే అది నేరుగా చేతి మీదికో ముఖం మీదికో వస్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, చీకటి అల్మరాలో పెట్టండి. ట్రిగ్గర్ లోపలికి నీళ్లు పారించి ఇసుక, ఉప్పు పోయేదాకా నొక్కి వదులుతూ ఉండండి. గ్రీజు రాస్తే సిలికాన్ గ్రీజే. వ్యాజిలీన్ లాంటివి బ్యాండుకు అంటుకుంటే లాటెక్స్ ఉబ్బి మెత్తబడుతుంది.

షాఫ్ట్‌ను (గన్ ఈటెను) బల్ల మీద దొర్లించి చూస్తే వంపు తెలుస్తుంది. ఈటెను గన్‌కు కలిపే మోనో లైన్‌ను క్రింప్ (దారాన్ని బిగించే లోహపు గొట్టం) దగ్గర గోటితో రుద్దండి. గోటికి గరుకు తగిలితే ఆ ముక్క కోసి కొత్తది కట్టండి. ఇక ఒడ్డు మీద గన్ లోడ్ చేయడమనేది ఎప్పుడూ, ఎవరికి చూపించడానికీ, వద్దు.

మీకు ఇంకో దారి ఉంది హరి గారూ. మొదటి సీజన్ గన్ లేకుండా హ్యాండ్ స్పియర్‌తో (చేత్తో వదిలే ఈటెతో) దిగండి. దగ్గరికి వెళ్తే తప్ప తగలదు కాబట్టి చేపను గుర్తుపట్టడం, ఓపిగ్గా కాచుకోవడం వస్తాయి. ఇక్కడ అది చాలా అవసరం. బ్లూ గ్రోపర్ మన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర చేప, దాన్ని ఈటెతో కొట్టడం దశాబ్దాలుగా నిషేధం. మనుషుల్ని చూసి పారిపోకుండా దగ్గరికొచ్చే రకం. నీలంగా ఉండేవి మగవి. ఆడవి గోధుమ, ఎర్ర రంగుల్లో ఉంటాయి, కొత్తవాళ్లు పొరపడేది వాటి దగ్గరే. 2023 చివర్లో సిడ్నీలోని క్రోనుల్లా దగ్గర ఒక గ్రోపర్‌ను ఈటెతో చంపారు. ఆ తర్వాత 2024లో గేలంతో పట్టడం కూడా ఆపేశారు. దిగే ముందు ఫిషింగ్ ఫీజు కట్టండి, ఆ చోటు అక్వాటిక్ రిజర్వులో (జలచరాల రక్షిత ప్రాంతంలో) ఉందేమో చూసుకోండి.

కార్తీక్_బ్లూ

నీలవేణి గారి బెల్టు మాటకు నేనూ ఓటేస్తాను, ఫిన్స్ కన్నా అదే ముందు.

ఫైబర్‌గ్లాస్ సంగతి. ప్లాస్టిక్ కన్నా చురుగ్గా తిరిగి లేస్తుంది, కార్బన్ కన్నా కాస్త బరువు, దెబ్బకు కార్బన్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. ధర కూడా మధ్యలోనే. హరి, నీకు కార్బన్ వద్దనుకుంటే ప్లాస్టిక్ దాకా దిగక్కర్లేదు, దీని దగ్గర ఆగవచ్చు.

ఏది కొన్నా మెత్తని బ్లేడే తీసుకో. గట్టి బ్లేడు కొంటే వేగంగా పోతామని చాలామంది అనుకుంటారు. తొడలు అలవాటు పడకముందే గట్టి బ్లేడు వేస్తే మోకాలు వంచి సైకిల్ తొక్కినట్టు తన్నడం అలవాటవుతుంది, ఆ అలవాటు తర్వాత పోదు. బ్లేడును గోడకు ఆనించి నిలబెట్టకు, చివర మీద బరువు పడి నెమ్మదిగా వంకర తిరుగుతుంది. పరచి పెట్టు, లేదంటే పాకెట్ పట్టుకుని వేలాడదీయి.

రాళ్లఒడ్డు అన్నతో నాకు తేడా ఒక్కచోటే. పడవ మీద నుంచి దిగేవాడికి కార్బన్ మొదటి జతగా తప్పు కాదు. ఒడ్డు నుంచి దిగేవాడికైనా, రెండో గంటలో కాళ్లు అలసిపోతున్నాయంటే బ్లేడు గురించి ఆలోచించాల్సిందే. సామాను చవకది చాలు, కాళ్లే బలం తెచ్చుకోవాలి అనే వాదన నాకు నచ్చదు.

రాళ్లఒడ్డు

పడవ విషయంలో నీతో పేచీ లేదు కార్తీక్. హరి గారు అడిగింది ఒడ్డు గురించి. కాళ్లు అలసిపోతే నేను ముందు అడిగేది ఎంతసేపు దిగారని, మధ్యలో ఎంత విశ్రాంతి తీసుకున్నారని. అలసట వచ్చిందంటే ఒడ్డుకు రావాలి. ఇంకో గంట ఉండటానికి బ్లేడు మార్చకూడదు.

నీలవేణి_వైజాగ్

సూటు గురించి నా వంతు. ఓపెన్ సెల్ సూటు లోపలి వైపు స్పాంజిలా ఒంటికి అతుక్కుంటుంది, పొడిగా వేసుకుంటే చిరుగుతుంది. సీసాలో నీళ్లు, కాస్త హెయిర్ కండిషనర్ కలిపి లోపల పోసి, అది అంతటా పాకాక తొడగండి. గోళ్లతో లాగకండి, వేళ్ల మెత్తని భాగంతో లాగండి. గోరు దిగిన చోట చంద్రవంకలా చీలుతుంది. చిన్నదిగా ఉన్నప్పుడే నియోప్రీన్ జిగురుతో అతికించాలి.

విశాఖ గాలిలో తేమకు సూటు రెండు రోజులైనా లోపల ఆరదు, వాసన పట్టేస్తుంది. నేను ముందు లోపలి వైపు బయటికి తిప్పి ఫ్యాన్ కింద ఆరబెడతాను, ఆ తర్వాతే పైవైపు. ఎండలో వేయను. సన్నటి హ్యాంగర్‌కు తగిలిస్తే భుజాల దగ్గర మడత పడి అక్కడే పల్చబడుతుంది, లావుపాటి హ్యాంగర్ వాడండి.

కొత్త మాస్క్‌కు లోపల సిలికాన్ పొర ఉంటుంది, అది పోయేదాకా ఆవిరి పడుతూనే ఉంటుంది. టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడగండి. లైటర్‌తో కాల్చమని చెప్పేవాళ్లుంటారు. టెంపర్డ్ గ్లాస్‌కైతే పనిచేస్తుంది గానీ, చుట్టూ ఉన్న సిలికాన్ కాలితే మాస్క్ పోయినట్టే. నేను చేయను.

హరి_వెస్ట్‌మీడ్

ఇప్పటికి ఇలా అనుకుంటున్నాను. సూటు, రబ్బరు బెల్టు, ఫ్లోట్, కత్తి మంచివి తీసుకుంటాను. బ్లేడు మార్చుకునే ఫుట్ పాకెట్‌తో మెత్తని ప్లాస్టిక్ ఫిన్స్. గన్ బదులు హ్యాండ్ స్పియర్. ఇంకా మిగిలే డబ్బుతో రెస్క్యూ నేర్పే తర్వాతి లెవెల్ కోర్సు చేద్దామని ఉంది. నాతో దిగే స్నేహితుడికి ఇంకా కోర్సే కాలేదు, అతన్నీ చేర్పిస్తాను.

కార్తీక్_బ్లూ

స్నేహితుడి కోర్సు అయ్యేదాకా ఇద్దరూ లోతుకు వెళ్లకండి. ఒకరు దిగినప్పుడు ఇంకొకరు పైనే ఉండి చూడాలి, పైకి వచ్చాక కూడా 30 సెకన్లు ముఖం మీద నుంచి కళ్లు తిప్పకూడదు. అది అతనికి అలవాటయ్యాక దిగండి.

ఫిన్స్ మాటకు వస్తే, నా కార్బన్ జత సైజు నీకు సరిపోతే ఒక రోజు పూల్‌కు తెస్తాను. ముందు నీ ప్లాస్టిక్‌తో, తర్వాత నావాటితో అదే దూరం ఈదు, ఆ తర్వాత కాళ్లు ఎలా ఉన్నాయో ఇక్కడే రాయి. పాదం ఏ సైజు?