దొంగసారాలో ‘దొంగ’ ఎవరు?

ప్రశ్న:
అమెరికాలో 1920 నుంచి 1933 దాకా నడిచిన మద్యనిషేధం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. నాలుగు మాటల దగ్గర బండి ఆగిపోయింది: బూట్‌లెగర్, మూన్‌షైన్, స్పీక్‌ఈజీ, స్కాఫ్‌లా. నా మొదటి ప్రతి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. దొంగసారా అమ్మేవాడు, దొంగసారా, దొంగసారా కొట్టు, దొంగసారా తాగేవాడు. అక్కడ నాలుగు మొహాలుంటే నేను అందరికీ ఒకటే ముసుగు వేసేశాను. కాస్త దారి చూపించండి.

జవాబు 1:
ముందు ఆ మాటల్లో ఏముందో చూద్దాం. బూట్‌లెగర్ అంటే పొడుగు బూటు గొట్టంలో సీసా దాచి తెచ్చేవాడు. మూన్‌షైన్ వెన్నెల వెలుగులో, అంటే రాత్రిపూట కాచేది. స్పీక్‌ఈజీ ‘మెల్లగా మాట్లాడండి, బయటికి వినిపిస్తుంది’ అని చెప్పే చోటు. ఒకదానికి దాచే చోటు పేరైంది, ఒకదానికి వేళ, ఒకదానికి గొంతు.

ఒక చిన్న సవరణ. ఈ మూడూ 1920లో పుట్టినవి కావు. మూన్‌షైన్ మరీ పాతది, మిగతా రెండూ 19వ శతాబ్దంలోనే వాడుకలో ఉన్నాయి. సుంకం ఎగ్గొట్టేవాళ్లు, లైసెన్సు లేకుండా అమ్మేవాళ్లు ముందునుంచే ఉన్నారు. నిషేధం వాళ్లకి దేశమంతా బేరాలు తెచ్చిపెట్టింది.

ఇక మీ ముసుగు సంగతి. ‘దొంగ’ ఒక్క అర్థంతో ఊరుకునే మాట కాదండీ. దొంగసొత్తు అంటే దొంగిలించినది. దొంగచూపు అంటే ఎవరికీ తెలియకుండా చూసేది. దొంగనోటు అంటే నకిలీది. మరి దొంగసారా ఏ వరసలోది? దాన్ని ఎవరూ ఎక్కడా దొంగిలించలేదు. చట్టం వచ్చిన కొత్తలో అది దొంగచూపు వరసలోది: సరుకు పాతదే, చాటు కొత్తది. కొంతకాలానికి దొంగనోటు వరసలోకి జారింది. పేరు అలాగే ఉంది, సీసాలోది మారిపోయింది. వ్యాసంలో ఎక్కడ ఏ అర్థమో చూసుకుని రాయండి.

జవాబు 2:
పై జవాబులో చివరి ముక్క గురించి, కెమిస్ట్రీ చదివినవాడిగా నాలుగు మాటలు.

రంగులకి, మందులకి, ఫ్యాక్టరీలకి ఆల్కహాల్ కావాలి కాబట్టి దాన్ని పూర్తిగా ఆపడం కుదరదు. అందుకని ఎవరూ తాగకుండా అందులో చేదు, విషం కలపాలని రూలు. దొంగ వ్యాపారులు ఆ పారిశ్రామిక ఆల్కహాల్‌నే పట్టుకెళ్లి, మళ్లీ మరిగించి శుభ్రం చేసి అమ్మేవారు. దాన్ని ఆపడానికి 1926 చివర్లో ప్రభుత్వం విషం మోతాదు పెంచింది. కలిపేవాటిలో ముఖ్యమైనది మిథనాల్.

మిథనాల్ వాసనకీ రుచికీ మామూలు ఆల్కహాల్‌లాగే ఉంటుంది. నాలుకకి తేడా తెలియదు. ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ ఆసిడ్‌గా మారి కంటి నరాన్ని పట్టుకుంటుంది. తాగిన గంటకే తెలిసిపోదు. మర్నాటికి కళ్ల ముందు తెల్లగా మంచు కురుస్తున్నట్టు ఉంటుంది, తర్వాత చూపే పోవచ్చు. తాగినవాడికి సీసాలో ఏముందో తెలుసుకునే దారి లేదు. లేబుల్ నమ్మడానికి లేదు, అమ్మినవాడి మీద కేసు పెట్టడానికీ లేదు, ఎందుకంటే కొన్న సంగతి బయట చెప్పలేడు.

ఇంకొకటి. దాచి తెచ్చేవాడు లెక్క చూసుకుంటాడు. లారీ నిండా బీరు తెచ్చినా, విస్కీ తెచ్చినా పట్టుబడితే శిక్ష ఒకటే. ఇక బీరు ఎందుకు తెస్తాడు? చోటు తక్కువ, మత్తు ఎక్కువ ఉన్నదే తెస్తాడు. అలా తేలికపాటిది తాగేవాళ్లు కూడా ఘాటుదానికి అలవాటు పడ్డారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

జవాబు 3:
‘నిషేధం’ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. వేదవాక్యాలకి అర్థం తేల్చే మీమాంస శాస్త్రంలో విధి, నిషేధం అని రెండు. ‘చెయ్యి’ అంటే విధి, ‘చెయ్యకు’ అంటే నిషేధం. జరిగే వీలున్నదాన్నే నిషేధించాలి అని వాళ్ల పట్టుదల. ‘ఆకాశంలో అగ్నిని పేర్చరాదు’ అనే వాక్యం కనబడితే, ఎవడూ పేర్చలేని చోట వద్దనడమేమిటని పేజీలకి పేజీలు చర్చించారు. అంటే ప్రతి ‘వద్దు’ వెనకా ఒక ‘ఇలా చెయ్యొచ్చు’ ఉంటుంది.

దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ ఆ అమెరికా నుంచే వచ్చింది. నిషేధం రోజుల్లో ద్రాక్షరసాన్ని గట్టిపరిచి ఇటుకల్లా చేసి అమ్మేవారు. రసం అమ్మడం తప్పు కాదు. పొట్లం మీద హెచ్చరిక ఉండేది: ఈ ఇటుకని గాలన్ నీళ్లలో కరిగించాక జాడీలో పోసి ఇరవై రోజులు అల్మారాలో ఉంచకండి, ఉంచితే వైన్ అయిపోతుంది. వ్యాకరణం ప్రకారం ఇది నిషేధ వాక్యం. చదివినవాళ్లకి మాత్రం వంటల పుస్తకం. నీళ్ల కొలత, రోజుల లెక్క, పెట్టాల్సిన చోటు అన్నీ ఇచ్చేశారు.

ప్రశ్న పెట్టినవారు:
మాస్టారూ, ఆ ఇటుక ముక్క వ్యాసంలో లేదు. ఉంటే ఎంత బాగుండేది! మరి స్కాఫ్‌లా?

జవాబు 1 రాసినవారు:
దాని కథ ఇంకా తమాషా. పై మూడింటిలా జనం నోట పుట్టింది కాదు, పోటీ పెట్టి పుట్టించినది. మసాచుసెట్స్‌లో మద్యనిషేధాన్ని గట్టిగా సమర్థించే ఒక పెద్దమనిషి, చట్టాన్ని లెక్కచేయకుండా తాగేవాళ్లు సిగ్గుపడేలాంటి మాట కావాలని 200 డాలర్లు బహుమతి పెట్టాడు. 25 వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. 1924 జనవరిలో ఫలితం చెప్పారు. ఒకే మాట ఇద్దరు పంపడంతో డబ్బు చెరిసగం పంచారు. ఎగతాళి చేయడం అనే ‘స్కాఫ్’కి చట్టమనే ‘లా’ తగిలించారు, అంతే.

ఆ నెల తిరక్కుండానే పారిస్‌లో ఒక బారువాళ్లు కొత్త కాక్‌టెయిల్ కలిపి దానికి స్కాఫ్‌లా అని పేరు పెట్టారు! తాగేవాళ్లని తిట్టడానికి చేయించిన మాట తాగే గ్లాసులోకి చేరింది. ఇప్పుడు అమెరికాలో పార్కింగ్ జరిమానాలు కట్టనివాళ్లని కూడా అలాగే అంటున్నారు.

జవాబు 4:
స్కాఫ్‌లాకి ‘ధిక్కారి’ అనొచ్చుగా?

జవాబు 3 రాసినవారు:
వద్దు. తెలుగులో ధిక్కారం ఇప్పుడు గౌరవమైన మాట. ‘ధిక్కార స్వరం’ అని సన్మానపత్రాల్లో రాస్తున్నారు. తిట్టబోయి దండ వేసినట్టవుతుంది. అయితే ఈ మాట తలరాతకి అదే సరిపోతుందేమో కూడా!

జవాబు 5:
అందరూ ఒకవైపే లాగుతున్నారు. నిషేధం వల్ల ఏమీ జరగలేదని చెప్పడం అన్యాయం. ఆ మొదటి ఏళ్లలో అమెరికాలో తాగుడు బాగా తగ్గింది. లివర్ చెడిపోయి చనిపోయేవాళ్లూ తక్కువే ఉన్నారు. జీతం ఇంటికి చేరిందని సంతోషించిన ఆడవాళ్లని ఈ మాటల ముచ్చట్లలో ఎవరూ తలుచుకోరు.

ఇంకో సంగతి, ‘ధూమపానం నిషేధం’ అన్న బోర్డూ నిషేధమే. ఆ బోర్డు పనిచేస్తోంది కదా? ఎందుకంటే అందులో కనబడని ‘ఇక్కడ’ ఒకటుంది. ఇక్కడ వద్దు, అవతలికి వెళ్లి కాల్చుకో అని. భూటాన్ 2004లో దేశమంతా పొగాకు అమ్మకం ఆపేసింది. అందులో ‘అవతల’ అంటే సరిహద్దు దాటడమే. కోవిడ్ వచ్చాక చాటుగా సరుకు తెచ్చేవాళ్లతో పాటు వైరస్ కూడా వస్తుందని భయపడి, 2020లో ప్రభుత్వమే అమ్మకాలు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది చట్టం మార్చారు. ‘ఇక్కడ వద్దు’, ‘దేశంలోనే వద్దు’ రెండిటికీ ‘నిషేధం’ అని ఒకే మాట వాడి, ఒకటి ఓడిందని రెండోదాన్ని కూడా తిట్టడం సరికాదు.

జవాబు 1 రాసినవారు:
ఇది ఒప్పుకుంటాను. ‘ఇక్కడ’ సంగతి నాకు తట్టలేదు.

జవాబు 6:
చర్చ ముదిరింది కాబట్టి రెండు చిల్లర ముక్కలు. సోవియట్ యూనియన్‌లో 1985లో కమ్యూనిస్టు పార్టీ జనరల్ సెక్రటరీ గోర్బచేవ్ మద్యం తగ్గించమంటే, జనం ఆయన్ని జనరల్ సెక్రటరీ బదులు ‘మినరల్ సెక్రటరీ’ అన్నారు, మినరల్ వాటర్ తాగమన్నాడని. ఇళ్లలో సారా కాయడానికే పంచదారంతా పోయి షాపుల్లో కరువొచ్చింది. ఫిన్లాండ్‌లో నిషేధం ఎత్తేసి సారా షాపులు తెరిచిన ముహూర్తం 1932 ఏప్రిల్ 5, ఉదయం 10. వాళ్ల పద్ధతిలో రాస్తే 5.4.32, 10. అంకెలు వరసగా చదవండి.

ప్రశ్న పెట్టినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాను. స్పీక్‌ఈజీ: గుసగుస కొట్టు. బూట్‌లెగర్: చాటు సరుకువాడు. మూన్‌షైన్‌కి ‘వెన్నెలసారా’ అని రాసి ఇంట్లో చూపిస్తే, భావకవిత్వంలా ఉంది, తాగాలనిపిస్తోంది అన్నారు. కాబట్టి ‘చీకటిసారా’. చీకటి వ్యాపారం ఎలాగూ వాడుకలో ఉంది. మిథనాల్ పేరా దగ్గర మాత్రం ‘దొంగసారా’ అలాగే ఉంచుతున్నాను, నకిలీ అన్న అర్థంలో.

స్కాఫ్‌లాకి ఇంకా కుదరలేదు. ‘చట్టమంటే లెక్కలేనివాడు’ అని రాసి పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. ఆదివారం దాకా టైముంది.