410 కాపీలు గరాజ్‌లోనే ఉన్నాయి, డిస్ట్రిబ్యూటర్‌కి ఇచ్చేయాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఉంటాం. కాకతీయుల కాలం నేపథ్యంగా ఇంగ్లిష్‌లో ఒక రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఆటగాళ్ళు పాత్రలుగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) పుస్తకం రాసి 500 కాపీలు వేయించాను. 160 పేజీలు. కాపీకి 7 డాలర్లు పడింది, వెల 30 పెట్టాను. తెలిసినవాళ్ళకీ, ఒక గేమింగ్ కన్వెన్షన్‌లోనూ కలిపి 90 అమ్ముడుపోయాయి. ఇప్పుడు ఒక డిస్ట్రిబ్యూటర్ 60 శాతం డిస్కౌంట్ అడుగుతున్నారు. ఒప్పుకోవాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు:
పుస్తకం చేతికొచ్చినందుకు ముందు అభినందనలండీ. 60 శాతం ఈ రంగంలో మామూలు రేటే, మోసమేం కాదు. మీ దగ్గర 12 డాలర్లకు కొని, షాపుకి 15, 16కి ఇస్తారు. షాపువాళ్ళు 30కి అమ్ముతారు. మీ 12లో అచ్చు ఖర్చు పోతే మిగిలేది 5. గోదాము దాకా రవాణా మీదే అయితే అదీ ఇందులోంచే. బొమ్మలు వేసినవాళ్ళకి ఇచ్చిన డబ్బూ ఇందులోంచే రావాలి. అందుకే ఈ దారిలో వెళ్ళేవాళ్ళు వెలని అచ్చు ఖర్చుకి ఐదు రెట్లయినా పెట్టుకుంటారు. మీది నాలుగు రెట్లు దాటింది, అంతే.

నేనైతే ఒక 50 ఇచ్చి చూస్తాను. అవీ డబ్బు కట్టి కొంటేనే. అమ్ముడయ్యాక డబ్బిచ్చే కన్‌సైన్‌మెంట్ అంటే, అమ్మేదాకా సరుకు మీదేనని కాగితం మీద ఉండాలి, యూసీసీ-1 ఫైలింగ్ (ఆ సరుకు మీద మీకు హక్కుందని ప్రభుత్వ రికార్డులో నమోదు) కూడా చేయించుకోండి. 2025 జనవరిలో, కామిక్స్, గేమ్‌లు షాపులకు చేర్చే పెద్ద సంస్థ డైమండ్ కామిక్ డిస్ట్రిబ్యూటర్స్ దివాలా పిటిషన్ వేశాక, ఇలా ఇచ్చిన సరుకు ఎవరిదన్న దానిమీదే కోర్టులో పెద్ద తగవు నడిచింది. చిన్న ప్రచురణకర్తల కోసమే పనిచేసే ఇండీ ప్రెస్ రెవల్యూషన్‌కి కూడా ఒకసారి రాయండి. షాపులకూ, నేరుగా ఆటగాళ్ళకూ అమ్ముతారు.

మిగతావి మీరే పంపండి. అమెరికా లోపలైతే పోస్టాఫీసువాళ్ళు పుస్తకాల్లాంటి వాటికిచ్చే మీడియా మెయిల్ రేటు చవక. కానీ పుస్తకంతో పాటు పాచికలు పెడితే ఆ రేటు వర్తించదు. నా మొదటి విడతలో కవర్లలో పంపినవి మూలలు నలిగి వెనక్కొచ్చాయి. అప్పట్నుంచి రెండు అట్టల మధ్య పెట్టి, నాలుగు మూలలకీ టేపు వేసి, పెట్టెలోనే పంపుతున్నా.

ప్రశ్న:
చాలా థాంక్సండీ. హైదరాబాద్‌లో 12 మంది అడుగుతున్నారు. పోస్టు ఖర్చు పుస్తకం వెలని మించిపోతోంది.

మరొకరి జవాబు:
ఇలాంటి గేమ్ పుస్తకాలు అమ్మే వెబ్‌సైట్ డ్రైవ్‌త్రూఆర్‌పీజీలో పీడీఎఫ్ పెట్టండి. అక్కడ ఆర్డర్‌కి ఒక్కో కాపీ అచ్చువేసే సదుపాయమూ ఉంది, కానీ ఇండియాకి రవాణా భారం తప్పదు. 12 కాపీలంటే ఏడెనిమిది కిలోలు. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే సూట్‌కేసులో సర్దుకుంటారు. ఇంకా అడిగితే హైదరాబాద్‌లోనే డిజిటల్ ప్రెస్‌లో 25 వేయించండి.

ప్రశ్న అడిగినవారు:
మా బావగారు డిసెంబర్‌లో వెళ్తున్నారు, ఆయన్ని అడిగాను, సరేనన్నారు. డిస్ట్రిబ్యూటర్‌కి 50 కాపీలే, ముందే డబ్బు అని ఇవాళే రాశాను.