స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద స్కోప్ వెనక్కి జారిపోతోంది, ఎంత బిగించినా ఆగట్లేదు

తణుకు_177:
అందరికీ నమస్కారం. రైఫిల్ బ్రేక్ బ్యారెల్ (బ్యారెల్ వంచి లోడ్ చేసేది), స్ప్రింగ్‌ది, 4.5 మి.మీ. పైన 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి. అంగుళం గొట్టం ఉన్న 3-9×40 స్కోప్‌ని రెండు విడి రింగులతో పెట్టాను. కొబ్బరితోటలో 20 మీటర్ల దూరాన పేపర్ టార్గెట్, వెనక ఇసుక బస్తాలు. జీరో (గురికి దెబ్బ కుదిరేలా స్కోప్ సరిచేయడం) చేశాక 40, 50 పెల్లెట్లకే గ్రూపు, అంటే దెబ్బలన్నీ ఒకచోట పడడం, చెదిరిపోతోంది. చూస్తే రెండు రింగులూ గాడిలో 2 మి.మీ. దాకా వెనక్కి వచ్చి ఉన్నాయి. ముందుకు నెట్టి ఇంకా గట్టిగా బిగించినా మళ్లీ అదే కథ. ఇంకోటి, ఎలివేషన్ టరెట్ (దెబ్బ ఎత్తు సరిచేసే స్కోప్ మీది మీట) చివరిదాకా తిప్పేసినా పెల్లెట్లు 3 సెం.మీ. కిందే పడుతున్నాయి. మౌంట్ మార్చాలా, స్కోప్ మార్చాలా?

అక్విడెక్ట్_గట్టు:
ముందు ఆ గట్టిగా బిగించడం ఆపేయండి. జారేది బిగింపు చాలక కాదు, అడ్డం లేక.

స్ప్రింగ్ రైఫిల్లో ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకి దూసుకుపోతుంది, రైఫిల్ వెనక్కి వస్తుంది. ఆ పిస్టన్ సిలిండర్ చివర గాలి దిండు మీద ఒక్కసారిగా ఆగినప్పుడు రైఫిల్ మొత్తం ముందుకి కుదుపు తింటుంది. రెండో కుదుపే గట్టిది. రైఫిల్ ముందుకి పోతుంది, స్కోప్ తన బరువుతో ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అందుకే వెనక్కి జారుతుంది. మందుగుండు రైఫిల్‌కి వాడే మామూలు స్కోప్ ఒకవైపు దెబ్బకే తయారై ఉంటుంది. రెండువైపులా కొట్టే స్ప్రింగ్ రైఫిల్ మీద పెడితే లోపలి లెన్స్ వదులవడమో, క్రాస్ హెయిర్ (గురి చూసే అడ్డం, నిలువు గీతలు) తిరిగిపోవడమో జరుగుతుంది. మీ స్కోప్ ఎయిర్‌గన్‌కి చేసిందేనా చూసుకోండి.

విడి రింగులు తీసేసి, స్టాప్ పిన్ (జారకుండా అడ్డుకునే చిన్న మేకు) ఉన్న వన్ పీస్ మౌంట్, అంటే రెండు రింగులూ ఒకే దిమ్మ మీద ఉన్నది, తీసుకోండి. మీ రైఫిల్ గాడుల మధ్య, వెనకవైపు చిన్న రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే పిన్‌ని అలెన్ కీతో రంధ్రం అడుగు తగిలేదాకా దించి, అరచుట్టు వెనక్కి తిప్పండి. పిన్ అడుగుకి ఆనిపోతే మౌంట్ వెనక భాగాన్ని గాడి నుంచి పైకి లేపేస్తుంది, క్లాంప్ సగమే పట్టుకుంటుంది. ఈ తప్పు చాలామంది చేస్తారు. తర్వాత మౌంట్‌ని వెనక్కి లాగి, పిన్ రంధ్రం వెనక గోడకి ఆనాక అప్పుడు క్లాంప్ స్క్రూలు బిగించండి. రంధ్రం లేకపోతే వెనక రింగుకి ఆనించి పెట్టే విడి స్టాప్ బ్లాక్ దొరుకుతుంది. లేత్ షాపుకి తీసుకెళ్లి కొత్త రంధ్రం మాత్రం వేయించకండి. రైఫిల్ గాడులున్న ఆ గొట్టం లోపలే పిస్టన్ ముందుకీ వెనక్కీ కదులుతుంది.

బిగించే ముందు గాడులూ, క్లాంప్ లోపలి అంచులూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పొడిగా తుడవండి. నూనె పొర ఉంటే ఏ మౌంటూ నిలబడదు.

రింగు మూతలకి 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ రెంచి లేకపోతే ఎల్ ఆకారపు కీ పొడుగు కాలు స్క్రూలో పెట్టి, పొట్టి కాలు రెండు వేళ్లతో తిప్పండి. ఎదురెదురు మూలల స్క్రూలు కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగిస్తూ, మూతకి రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. మితిమీరి బిగిస్తే స్కోప్ అల్యూమినియం గొట్టం నొక్కుకుపోయి లోపలి గొట్టం కదలదు. క్లిక్‌లు తిప్పినా దెబ్బ చోటు మారదు, తర్వాత నాలుగు షాట్లకి ఒక్కసారిగా మారుతుంది. ఇప్పటిదాకా గట్టిగా బిగించారు కాబట్టి రింగుల కింద గొట్టం మీద నొక్కులు పడ్డాయేమో చూడండి.

వశిష్ఠ_రేవు:
ఎలివేషన్ సంగతి నేను చెప్తానండి. బ్రేక్ బ్యారెళ్లలో చాలావాటికి బ్యారెల్ కొస కొంచెం కిందికి చూస్తుంది. దాన్నే డ్రూప్ అంటారు. ముందు పాత రింగులు రెండూ ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి. ఎత్తులో సన్నని తేడా ఉంటే అక్కడే కొంత తేలిపోవచ్చు.

చాలామంది వెనక రింగులో స్కోప్ కింద పాత ఫోటో ఫిల్మ్ ముక్క పెట్టమంటారు. లెక్క చూడండి. రింగుల మధ్య 100 మి.మీ. ఉంటే వెనక 0.1 మి.మీ. లేపినప్పుడు 20 మీటర్ల దగ్గర దెబ్బ 2 సెం.మీ. పైకి వస్తుంది. మీకు లోటు 3 సెం.మీ. కాబట్టి 0.15 మి.మీ. చాలు అనిపిస్తుంది. కానీ అప్పటికీ మీ టరెట్ చివరనే ఉంటుంది, అక్కడ లోపలి స్ప్రింగు పట్టు సన్నగిల్లి జీరో తిరుగుతుంది. టరెట్ మధ్యకి రావాలి. మీ స్కోప్ మొత్తం తిరుగుడు 60 ఎం.ఓ.ఏ. (కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) అనుకుంటే సగం 30. 20 మీటర్ల దగ్గర ఒక ఎం.ఓ.ఏ. సుమారు 5.8 మి.మీ., అంటే 17.5 సెం.మీ. మీ 3 కలిపితే 20 సెం.మీ. పైమాటే. ఫిల్మ్‌తో దిద్దాలంటే 1 మి.మీ. మందం కావాలి, గొట్టం వంగిపోతుంది. 0.25 మి.మీ. దాటితే ఫిల్మ్ జోలికి వెళ్లకండి.

అందుకని వెనకవైపు ఎత్తు పెంచి తయారుచేసిన డ్రూప్ మౌంట్ తీసుకోండి. 25 ఎం.ఓ.ఏ.ది 14.5 సెం.మీ. లాగుతుంది, మిగతా 6 సెం.మీ. టరెట్ హాయిగా చూసుకుంటుంది. ఎత్తు వైపు వెనక్కే ఉండాలి, తిరగేసి పెడితే ఇంకా కిందికి పోతుంది.

కాకరపర్రు_కాలవ:
స్క్రూలన్నిటికీ లాక్‌టైట్ నీలం (మరలు వదులవకుండా వేసే జిగురు) వేసేయండి, గొడవ వదిలిపోతుంది. రింగుల్లో ఫెవిక్విక్ చుక్క వేసినా కదలదు.

అక్విడెక్ట్_గట్టు:
ఫెవిక్విక్ వద్దండి, మళ్లీ తీయాలంటే గొట్టం పెయింటు ఊడొస్తుంది. రింగుల్లో గొట్టం జారుతుంటే వయొలిన్ కమానుకి రాసే రోజన్ పొడి పల్చగా చల్లితే చాలు. నీలం లాక్‌టైట్ బేస్ స్క్రూలకి సరే. రింగు మూతల స్క్రూలకి వేస్తే తడిగా ఉన్నప్పుడు మర నునుపుగా తిరిగి, అదే టార్క్‌కి ఎక్కువ నొక్కేస్తుంది.

తణుకు_177:
గొట్టం మీద నొక్కులు లేవండి. స్కోప్ ఎయిర్‌గన్‌దే. డ్రూప్ మౌంట్ వచ్చాక క్రాస్ హెయిర్ నిలువు ఎలా చూడాలి? మా బావగారికి లైసెన్సుతో .22 బోల్ట్ రైఫిల్ ఉంది, వీవర్ బేస్ (రింగులు కూర్చునే అడ్డగాడుల పట్టా). దానికీ ఇదే పద్ధతేనా?

వశిష్ఠ_రేవు:
20 మీటర్ల దగ్గర తాపీమేస్త్రీల తూకం గుండు వేలాడదీయండి. రైఫిల్‌ని రసమట్టంతో అడ్డంగా సరిచేసి, నిలువు గీత ఆ తాడుతో కలిసేలా స్కోప్ తిప్పి మూతలు బిగించండి. కంటికీ వెనక లెన్స్‌కీ 75 నుంచి 90 మి.మీ. దూరం ఉంచుకోండి. దాన్ని ఎక్కువ జూమ్ మీద చూసుకోవాలి.

.22కి దిశ తారుమారు. దాని కుదుపు ఒక్క వెనకవైపే, అందుకని స్కోప్ ముందుకి జారాలని చూస్తుంది. రింగు అడ్డ బోల్టుని గాడిలో ముందుకి నెట్టి ముందు గోడకి ఆనించి బిగించాలి. వీవర్ గాడి వెడల్పు 4.57 మి.మీ., అలాంటిదే ఇంకో రకం బేస్ పికాటినీది 5.23. వీవర్ రింగు పికాటినీలో కూర్చుంటుంది, పికాటినీ రింగు వీవర్లో దిగదు. బేస్ పెట్టాక రైఫిల్ బోల్ట్ (తూటాని లోపలికి నెట్టే కడ్డీ) బిగుసుగా తిరిగితే బేస్ ముందువైపు స్క్రూ పొడుగై లోపల తగులుతోందని అర్థం. ఆకురాయితో దాన్ని పొట్టి చేయాలి, బోల్ట్‌ని కాదు.

కోరంగి_మడ:
మన డెల్టాలో ఉప్పుగాలి, చెమ్మ. బిగించడం అయ్యాక మౌంట్ అంచుల వెంట బయటి నుంచి సన్నగా నూనె రాయండి, లోపలికి పోనీయకండి. అల్యూమినియం, ఉక్కు కలిసిన చోట తుప్పు త్వరగా పడుతుంది. స్పాంజి సంచిలో మూసి పెట్టకండి, చెమ్మ పట్టేసి లెన్స్ మీద బూజు వస్తుంది. లోపల నైట్రోజన్ నింపిన గొట్టం ఇంట్లో విప్పలేం. పెట్టెలో సిలికా జెల్ వేసి, నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వంటకి వాడని పాత మూకుడులో సన్నసెగన వేడి చేసుకోండి.

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ.కి మించని, 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. అలాగని పిట్టల మీదకి గురిపెట్టకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం కూడా. 10 మీటర్ల ఐ.ఎస్.ఎస్.ఎఫ్. (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీకి వెళ్లే ఉద్దేశం ఉంటే స్కోప్ పనికిరాదు, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది)తోనే కొట్టాలి.

తణుకు_177:
రంధ్రం ఉంది, లోతు 2 మి.మీ. అంత తక్కువ లోతుకి పిన్ ఆగుతుందా?

అక్విడెక్ట్_గట్టు:
ఆగుతుంది. బిగించాక మౌంట్ వెనక అంచు దగ్గర గాడి మీద పెయింట్ మార్కర్‌తో సన్న గీత పెట్టండి. 100 షాట్ల తర్వాత గీతకీ మౌంట్‌కీ మధ్య సందు కనిపించకపోతే పిన్ పట్టుకున్నట్టే. మౌంట్ గీత మీదికి ఎక్కితే పిన్ గోడకి ఆనకుండానే బిగించారని అర్థం. విప్పి, వెనక్కి లాగి మళ్లీ బిగించండి.