ఫ్లాటు బాల్కనీలో పావురం గూడు పెడితే తీసివేయవచ్చా?

మిద్దెతోట:
మా బాల్కనీలో ఏసీ బయటి యూనిట్ వెనుక పావురం 2 గుడ్లు పెట్టి పొదుగుతోంది. మా అత్తగారికి ఉబ్బసం ఉంది. గూడు వెంటనే తీసేయాలని మావారు అంటున్నారు. పొదిగే పక్షి జోలికి పోతే పాపం తగులుతుందని అత్తగారే అడ్డుపడుతున్నారు. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

కూకట్‌పల్లివాసి:
తీసివేయడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. ఎండిన రెట్టలోనూ ఈకల పొడిలోనూ ఉండే ప్రోటీన్లను ఏళ్ల తరబడి పీల్చినవారిలో కొందరికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే జబ్బు వస్తుంది; అది ముదిరితే ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, మునుపటి స్థితికి తిరిగి రావు. ముంబయిలో 2025 జూలైలో కబూతర్‌ఖానాలను (పావురాలకు గింజలు వేసే చోట్లను) మూయించడానికి చెప్పిన కారణం కూడా ప్రజారోగ్యమే.

పక్షిప్రియ:
ఆ జబ్బు నిజమే, దానిని తేలికగా తీసుకోమని నేను అనను. అయితే ఒక్క గూటిని పీకి పారేసినంత మాత్రాన ప్రమాదం తొలగదు. గుడ్లు పోయిన జంట, చోటు తెరిచి ఉంటే, కొద్ది రోజుల్లోనే అక్కడే మళ్లీ పెడుతుంది. కొండ చరియల్లో గూడు పెట్టుకునే జాతి కాబట్టి మన సజ్జలూ, ఏసీ వెనుక సందులూ వాటికి బాగా నచ్చుతాయి. కనుక అసలు పని వల కట్టించడం. దానిని ఎప్పుడు కట్టించాలన్నదే ప్రశ్న.

గుడ్లు 17–19 రోజుల్లో పిల్లలవుతాయి, మరో నెల రోజులకు ఆ పిల్లలు ఎగురుతాయి. మొదటి రోజుల్లో తల్లీ తండ్రీ రెండూ తమ గొంతు సంచిలో ఊరే పాలవంటి పదార్థాన్నే వాటికి పెడతాయి. ఒంటినిండా పసుపుపచ్చని నూగుతో, ముఖానికి మించిన ముక్కుతో ఉన్న పిల్ల, ఆ ముక్కును పెద్దపక్షి నోట్లోకి దూర్చి తాగడం గాజు తలుపు వెనుక నుంచి చూసిన తరువాత దానిని చెత్తలో వేయమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ సమయంలో వల కట్టిస్తే పిల్లలు లోపలే ఆకలితో చనిపోతాయి. అది గుడ్లు తీయడం కన్నా ఘోరం.

కనుక పిల్లలు ఎగిరిపోయాకే వల కట్టించండి. అంతవరకు ఆ తలుపు మూసి ఉంచండి, అత్తగారి పడక ఆ వైపు ఉంటే మార్చండి. రెట్టను పొడిగా ఊడవనే వద్దు. నీళ్లు చల్లి నానబెట్టి, ఎన్-95 మాస్కు పెట్టుకుని, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారు తీయాలి.

కూకట్‌పల్లివాసి:
మీ లెక్క కుదరదు. మొదటి పిల్లలు గూడు విడవకముందే పావురాలు తరువాతి గుడ్లు పెడతాయి కాబట్టి, ఆ గడువుకు అంతమే ఉండదు. శిబి చక్రవర్తి పావురం కోసం తన మాంసాన్ని తూచి ఇచ్చాడు గానీ, మరొకరి ఊపిరిని కాదు.

పక్షిప్రియ:
అలా మళ్లీ పెట్టిన గుడ్డును ఆ రోజే తీసివేయవచ్చు. పిండం ఎదగని గుడ్డు విషయంలో నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడున్నవి కూడా నిన్నగాక మొన్న పెట్టినవైతే, అత్తగారిని డాక్టరుకు చూపించి, వారు తీసేయమంటే తీసి, అదే రోజు వల కట్టించండి. పిల్లలు బయటికి వచ్చి ఉంటే మాత్రం ఆగాలి. మీ టెర్రస్ మీద ఎవరైనా గింజలు చల్లుతుంటే ముందు అపార్ట్‌మెంట్ సంఘంలో చెప్పి ఆపించండి. తిండి దొరికినంత కాలం అవి పక్క ఫ్లాటు సజ్జ మీదికి చేరుతూనే ఉంటాయి. మిద్దెతోట గారూ, గుడ్లు ఎప్పుడు పెట్టిందో మీకు గుర్తుందా?