వేప్ (ఈ-సిగరెట్) మొదలెట్టాక ప్రతి జలుబూ ఛాతీలోకి దిగుతోంది. మీకూ ఇంతేనా?

డాలస్_సీను: సిగరెట్ మానేసి వేప్ పట్టాను. అప్పట్నుంచి పిల్లికూతలు, వారాలకొద్దీ దగ్గు. నికోటిన్ లేని జ్యూస్‌కి (వేప్‌లో పోసే ద్రవం) మారితే తగ్గుతుందా? ఫ్లూ టీకా వేయించుకోనా?

వరంగల్_పోరడు: నికోటిన్ లేకుంటే ఏం గాదన్నా. ఉత్త ఆవిరే గదా.

పల్మో_పీజీ: ఉత్త ఆవిరట! 2019లో హ్యూస్టన్ బేలర్ మెడికల్ కాలేజీవాళ్లు ఎలుకలకి నికోటిన్ లేని వేప్ పొగే పట్టించారు, జ్యూస్‌లో మూలద్రవాలైన ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అంతే. ఊపిరితిత్తుల్లో క్రిముల్ని మింగే మాక్రోఫేజ్‌లలో కొవ్వు పేరుకుంది. అది జ్యూస్‌లోంచి వచ్చిందీ కాదు, ఊపిరితిత్తుల సొంత కొవ్వే, దాని సర్దుబాటు లెక్క తప్పింది. ఆ ఎలుకలకి ఫ్లూ ఎక్కిస్తే తట్టుకోలేకపోయాయి. రోజూ ఐసీయూలో ఇవే కేసులు చూసేవాణ్ని, నాకు చెప్పకండి.

బెజవాడ_బుల్లోడు: ఎలుకలేగా సార్. సిగరెట్ కన్నా 95 శాతం తక్కువ హాని అని 2015లో ఇంగ్లండ్ ఆరోగ్యశాఖవాళ్లే అన్నారు. మా బావ అక్కడే ఉంటాడు.

పల్మో_పీజీ: మీ బావకి ఇదీ చెప్పండి. 2018లో ఇంగ్లండ్‌లోనే, బర్మింగ్‌హామ్‌లో మనుషుల మాక్రోఫేజ్‌ల మీదే చూశారు. వేప్ పొగ తగిలాక బ్యాక్టీరియాని మింగడం తగ్గిపోయింది.

అమీర్‌పేట్_రాజు: ఇండియాలో 2019 నుంచే బ్యాన్. దగ్గరుంటే జైలే.

వరంగల్_పోరడు: తాగేటోనికి జైలేంది? అమ్మేటోనికి. చట్టం సదువు.

అమీర్‌పేట్_రాజు: నిల్వ ఉంచినా నేరమే. 6 నెలల దాకా జైలు లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. నువ్వు చదువు ముందు.

వరంగల్_పోరడు: నిల్వంటే గోదాముల పెట్టుడు. జేబుల ఒక్కటుంటే నిల్వనా? మస్తు చెప్పినవ్ లాయర్ సాబ్.

గుంటూరు_అక్క: మీ కోర్టు బయట పెట్టుకోండి బాబూ. మా తమ్ముడిది దాల్చినచెక్క ఫ్లేవర్. బిర్యానీలో వేసేదేగా అక్కా అంటాడు. ఏం చెప్పను?

పల్మో_పీజీ: తినడం వేరు, పీల్చడం వేరమ్మా. ఆ వాసనిచ్చే సిన్నమాల్డిహైడ్ తగిలితే శ్వాసనాళంలో కఫాన్ని పైకి ఊడ్చే సన్నటి నూగు కదలడం మందగిస్తుంది. ల్యాబ్‌లో కణాల మీద చూసిందే. కఫం కదలకపోతే క్రిములూ అక్కడే. సీనూ, టీకా వేయించుకో.

బెజవాడ_బుల్లోడు: మిరియాల కషాయం కూడా తాగు బ్రో.

పల్మో_పీజీ: వచ్చాడండీ!

అమీర్‌పేట్_రాజు: చట్టంలో నిల్వ అని ఉంది, గోదాము అని లేదు. జేబులో పెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి చూడు, తెలుస్తుంది.

వరంగల్_పోరడు: నువ్వే తోల్కపో.